గాజుపోగులోని గీతలు

జనక్‌పురిలో మా వీధి చివర గత శీతకాలమున ఏదో గొట్టము నిమిత్తమై గొయ్యి త్రవ్విన కూలీల గునపము భూమిలోని నల్లని కేబులు నొకదానిని తెంపివేయగా, ఆ వరుసలోని ఇండ్లన్నింటికిని నాలుగు దినములు ఇంటర్నెట్టు లేకపోయెను. మూడు పర్యాయములు మనుష్యులు వచ్చిరి. ఇంటిలోని పెట్టెను విప్పి చూచిరి, తీగలు లాగి చూచిరి, లోపము లోపలిదో వెలుపలిదో తేల్చలేక వెళ్ళిపోయిరి. నాలుగవనాటి సాయంకాలము, మంచు దిగుచున్న వేళ, ఒక యువకుడు మోటారుసైకిలు మీద వచ్చి, టిఫిను క్యారియరంత యంత్రము నొకదానిని మా తీగకు తగిలించి, దాని తెరవైపు ఒక్క నిమిషము చూచి, "ఇక్కడికి మూడువందల నలభై మీటర్ల దగ్గర తెగింది, అంకుల్‌జీ" అని తిన్నగా ఆ గోతి వద్దకే నడిచెను.

గోతి గట్టున గోనెపట్టా పరచుకొని కూర్చుండి అతడు చేసిన పనిని నేను చలిలో నిలువబడి గంటసేపు చూచితిని. కేబులు తొడుగును చీల్చగా లోపల నీలము, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు రంగుల పోగులు విప్పిన పూలదండవలె విడివడినవి. ఒక్కొక్క పోగును స్ట్రిప్పరుతో ఒలిచి, స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచి, క్లీవరులో పెట్టి టక్కున నరికి, ఎదురెదురు కొనలను స్ప్లైసింగు యంత్రములో నిలుపగా, అవి తెరమీద రెండు స్తంభముల వలె పెద్దవై కనిపించినవి. మీట నొక్కగానే నడుమ ఒక మెరుపు మెరిసినది, స్తంభములు రెండును ఏకమైనవి, అడుగున 0.02 అను అంకె వచ్చినది. అనగా ఆ అతుకు వద్ద వేయి పాళ్ళలో అయిదు పాళ్ళ కాంతి కూడ నష్టము కాదని అర్థము. నరికి పారవేసిన తునక నొకదానిని నేను తీసికొనబోగా అతడు నా చేయి పట్టుకొని ఆపెను: "వద్దు అంకుల్‌జీ, వేలిలో దిగితే కనపడదు, బయటికి రాదు."

తెగిన చోటు ఆ యంత్రమునకు ఎట్లు తెలిసినది? అది పోగులోనికి క్షణికమైన ఒక కాంతి తునకను పంపి, వెనుకకు మరలివచ్చు వెలుగుకొరకు కాచుకొని యుండును. గాజులో కాంతి సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, పోయి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. బావిలో రాయి వేసి చప్పుడు వినబడువరకు లెక్కపెట్టి లోతు చెప్పు పల్లెటూరి పద్ధతియే ఇది. మా వీధి విషయమున ఆ రాకపోకలకు పట్టిన కాలము సెకనులో పదిలక్షవ వంతులు మూడున్నరకు లోపే. ఆ యంత్రమును ఓటీడీఆర్ అందురు. ఆ యువకుని పనిలో నాకు అన్నింటికంటె ఆశ్చర్యము కలిగించినది ఆ మెరుపు కాదు, ఆ అంకె కాదు. తిరిగివచ్చిన కాంతి వార్త చెప్పుట.

దృశా తంతువుల చరిత్ర చాలకాలము కాంతిని ఆటంకము లేక ముందునకు పోనిచ్చు ప్రయత్నముల చరిత్రయే. పంజాబులోని మోగాలో 1926లో జన్మించిన నరిందర్ సింగ్ కపానీ లండన్‌లో హాప్కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చునని 1954లో ప్రకటించెను. గాజులోని మలినములను తొలగించినచో నష్టము కిలోమీటరునకు 20 డెసిబెళ్ళకు దిగునని, అప్పుడు వార్తలను పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, హాక్‌హామ్‌లు వాదించిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ అట్టి గాజును చేసి చూపినది. 20 డెసిబెళ్ళ నష్టమనగా నూటికి ఒక పాలు మిగులుట. ఆనాడు ఒక్క కిలోమీటరులోనే అంతగా క్షీణించిన కాంతి నేటి పోగులో 100 కిలోమీటర్లు నడచిన పిదప గాని ఆ స్థితికి రాదు. జనక్‌పురిలో బయలుదేరిన వెలుగు పానిపట్టు పొలిమేరలు చేరిన తరువాత గాని నూరవ వంతునకు దిగదు. ఈ కథ పలువురు చెప్పినదే. పోవు కాంతిని పోనిచ్చుట ఒక విద్య. కలిసి పోవుచున్న అనేక కాంతులలో కోరిన ఒక్కదానిని మాత్రము గుర్తుపట్టి వెనుకకు పిలుచుట అంతకంటె సూక్ష్మమైన విద్య. ఆ విద్యకు సాధనము తంతుజాలకము. వాడుకలో ఫైబరు గ్రేటింగు అందురు.

దానిని నేను చేతితో పట్టుకొన్నది మా మేనకోడలి పుణ్యమున. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఢిల్లీలో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి జనక్‌పురి బడిలో చదువుకొన్న ఆ పిల్ల ఇప్పుడు భౌతికశాస్త్ర పరిశోధకురాలు. మా కేబులు కథ విని, మరుసటి ఆదివారము అరచేతిలో ఇమిడెడు ప్లాస్టిక్కు పెట్టె నొకదానిని తెచ్చినది. అందులో చుట్టచుట్టిన గజమెడు పోగు, దానిపై రెండు చోట్ల అతికించిన చిన్న కాగితపు చీటీలు ఉన్నవి. "ఈ రెండు చీటీల మధ్య ఒక్క సెంటీమీటరు మేర ఉంది మావయ్యా జాలకం" అన్నది. దీపమునకెదురుగా పట్టి చూచితిని, భూతద్దముతో చూచితిని. చీటీలకు ఇవతల ఎట్లున్నదో నడుమను అట్లే యున్నది. "ఆ చీటీలు ఊడిపోతే మాకే దొరకదు" అని ఆమె నవ్వినది.

జాలకమనగా ఏమో తెలియుటకు ప్రయోగశాలకు పోనక్కరలేదు. ఆ రాత్రి ఆమె మా ఇంటి ఉప్పాడ చీర కొంగును కిటికీకి అడ్డముగా బిగించి పట్టి, వీధి చివరి దీపమును దానిగుండ చూడుమన్నది. దీపము ఒక్కటి కాదు. నడుమ ఒకటి, దానికి నాలుగు వైపుల వరుసలు తీరిన చిన్న చిన్న దీపములు, దూరమైన కొలది అంచులలో ఎరుపు నీలము తేలుచు, ముగ్గులోని చుక్కలవలె నిలిచినవి. చీరను త్రిప్పిన చుక్కలును తిరిగినవి. నేతలోని పడుగు పేకల సందులలో దూరివచ్చిన కాంతి తరంగములు ఒకదానితో నొకటి కలిసి కొన్ని దిక్కుల బలపడి, తక్కిన దిక్కుల నశించుటయే దీనికి కారణము. 1785లో ఫిలడెల్ఫియాలో హాప్కిన్సన్ అను పెద్దమనిషి పట్టు చేతిరుమాలుగుండ వీధి దీపమును చూచి ఇట్లే విస్తుపోయి, తన మిత్రుడు రిట్టెన్‌హౌస్‌ను కారణమడుగగా, ఆయన రెండు సన్నని మరల నడుమ వెంట్రుకలను సమాంతరముగా బిగించి తొలి వివర్తన జాలకమును కట్టెను.

జాలకమునకు నూలు గాని వెంట్రుకలు గాని అవసరము లేదనియు, పారదర్శక పదార్థములో సాంద్రత క్రమముగా హెచ్చుచు తగ్గుచు ఉండిన చాలుననియు తేటతెల్లము చేసినవారు మన దేశీయులే. ద్రవములో అతిధ్వని తరంగములు పోవునప్పుడు అందు ఏర్పడు పొరలు కాంతిని జాలకము వలెనే విడదీయునని 1935–36లో సి.వి. రామన్, ఎన్.ఎస్. నాగేంద్రనాథ్‌లు గణితముతో నిరూపించిరి. ఆ మార్గముననే వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు కృష్ణాజిల్లా వాసియైన సూరి భగవంతం, ఆయనతో బి. రామచంద్రరావు అతిధ్వనులచే కలుగు కాంతి వివర్తనమును పరిశోధించిరి. సముద్రపు ఘోష వినవచ్చు ఆ గదులలో ధ్వని గీసిన గీతలపై కాంతిని నడిపించిన తెలుగువారి పనిని, నేటి తంతుజాలకములను గూర్చి చదువునప్పుడు తలచుకొనకుండ నుండలేను. ద్రవములోని గీతలు ధ్వని ఆగగానే మాయమగును. గాజులోని గీతలు నిలిచిపోవును. మూలసూత్రమున భేదము లేదు.

ఇప్పుడు ఆ సెంటీమీటరు పోగులోనికి దిగుదము. పోగు మొత్తము వ్యాసము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. దాని నడిబొడ్డున కాంతి నడచు గర్భము మిల్లీమీటరులో నూరవ వంతునకంటె సన్నము. ఆ గర్భములో గాజు యొక్క వక్రీభవన గుణకము పదివేలలో ఒక పాలు హెచ్చుచు, మరల తగ్గుచు, 535 నానోమీటర్లకు ఒక ఆవృత్తి చొప్పున సాగును. ఒక్క సెంటీమీటరులో ఇట్టి గీతలు 18 వేలకు పైబడి యుండును. ఒక్కొక్క గీత వద్ద వెనుకకు మరలు కాంతి ఎంత? పది కోట్ల పాళ్ళలో ఇంచుమించు ఒక పాలు. లెక్కకు రానిదని ఎవరైన త్రోసివేయుదురు. కాని తరంగము పోయి వచ్చిన దూరము సరిగా దాని దైర్ఘ్యమునకు సమానమైనచో, ఒక గీత నుండి మరలిన తరంగపు శిఖరము రెండవ గీత నుండి మరలిన దాని శిఖరముతో కలియును. ఆ రెండును మూడవదానితో కలియును. రథోత్సవమున మోకును పట్టిన వేలమందిలో ఒక్కని బలము రథమును వెంట్రుకవాసి కదల్పదు. ఎవరి ఇష్టమువచ్చినప్పుడు వారు లాగినను కదలదు. అందరును ఒక్క గొంతుతో గోవిందా అని లాగినప్పుడు మేరుపర్వతము వంటి తేరు కదలివచ్చును. అట్లే ఈ 18 వేల దుర్బల పరావర్తనములు జతకట్టి, కోరిన కాంతిలో నూటికి 93 పాళ్ళను వెనుకకు త్రిప్పివేయును. గీతల దూరమును రెట్టించి వక్రీభవన గుణకముతో, అనగా 1.447తో, గుణించిన 1,548 నానోమీటర్లు వచ్చును. అది కంటికి కనబడని పరారుణ కాంతి. దూరప్రసారమునకు వాడుక యైనది. దానికి ఇరుప్రక్కల నానోమీటరులో పదవ వంతు దాటిన కాంతికి శిఖరములు కలియవు. దానికి ఈ పోగులో గీతలున్నట్లే తెలియదు, తన దారిని తాను పోవును. స్ఫటికముల విషయమున ఈ సూత్రమును 1912లో చెప్పిన లారెన్స్ బ్రాగ్ మూడేండ్ల తరువాత తండ్రితో కలిసి నోబెల్ బహుమతి నందునప్పటికి 25 ఏండ్లవాడు. ఆయన పేరనే వీనిని బ్రాగ్ జాలకములందురు.

అంత సన్నని గీతలను గాజు లోపల, పైపొర చెదరకుండ, గీసినదెవరు? ఉలి గాని సూది గాని అచటికి పోజాలదు. గీసినది కాంతియే. అదియు మొదట ఎవరును ఉద్దేశింపకయే జరిగినది.

1978లో కెనడాలోని ఒట్టావాలో, కమ్యూనికేషన్స్ రిసెర్చ్ సెంటర్ అను ప్రభుత్వ పరిశోధనాలయమున కెన్ హిల్ మరియు ఆయన సహచరులు జెర్మేనియము ఎక్కువగా కలిపిన పోగులోనికి ఆర్గాన్ లేసరు నీలి-ఆకుపచ్చ కాంతిని పంపుచుండిరి. నిమిషములు గడచిన కొలది అవతలి కొనకు చేరు వెలుగు తగ్గుచు వచ్చినది. పోగు చెడిపోవుచున్నదని ఊరకొనక, వారు ఇవతలి కొన వద్ద మరలివచ్చుచున్న కాంతిని కొలిచిరి. మొదట నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే, అవతలి కొనలోని గాజు సహజముగా త్రిప్పివేయునంతయే, వచ్చుచుండినది. చూచుచుండగనే అది హెచ్చి హెచ్చి, దాదాపు అంతయు వెనుకకే రాసాగెను. పోవు తరంగమును, కొన నుండి మరలిన తరంగమును కలిసి పోగులో స్థిర తరంగమును కట్టగా, దాని ఉబ్బులున్న చోట్ల గాజు మెల్లగా మారి గీతలు పడినవి. గీతలు పడగా మరికొంత కాంతి మరలినది. మరలిన కాంతి గీతలను మరింత దిట్టపరచినది. ఏ కాంతి గీసినదో ఆ కాంతినే ఆ గీతలు ఆపినవి. శాస్త్రచరిత్రలో ఇంత నిరాడంబరమైన ఆవిష్కారములు అరుదు: లేసరును వెలిగించి ఓపికతో చూచుచుండుట, తగ్గిన దానిని గూర్చి విచారింపక పెరిగిన దానిని వెదకుట.

కాని ఆ జాలకము నీలి-ఆకుపచ్చ కాంతికి మాత్రమే జాలకము. వార్తాప్రసారమునకు కావలసిన పరారుణమునకు నిరుపయోగము. అందువలన పదేండ్లు అది వింతగానే మిగిలిపోయెను. ఆ నడుమ 1981లో లామ్, గార్‌సైడ్‌లు గీతల బలము కాంతి తీవ్రతకు కాక, తీవ్రత యొక్క వర్గమునకు అనుగుణముగా హెచ్చునని గమనించిరి. రెండు కాంతి కణములు జతగూడి ఒక పని చేయుచున్నవని దాని భావము. 488 నానోమీటర్ల కణములు రెండు చేయు పనిని 244 నానోమీటర్ల అతినీలలోహిత కణ మొక్కటియే చేయగలదు గదా! ఈ చిన్న భాగహారము తలుపు తెరచినది. 1989లో అమెరికాలో మెల్ట్జ్, మోరే, గ్లెన్‌లు 244 నానోమీటర్ల కిరణమును రెండుగా చీల్చి, పోగు ప్రక్కనుండి ఏటవాలుగా రెండింటిని ఒకచోట కలిపి, అవి కలిసిన చోట ఏర్పడిన వెలుగు చీకటుల చారలను గర్భములో ముద్రించిరి. కిరణముల నడుమ కోణమును మార్చిన చారల దూరము మారును. కనుక ఏ కాంతికి కావలసిన జాలకమును ఆ కాంతికి గీయవచ్చును. 1993లో మరొక సౌకర్యము కలిగినది: సన్నని గాళ్ళు చెక్కిన సిలికా పలకను పోగు మీద ముసుగుగా ఉంచి వెనుకనుండి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసిన, ఆ గాళ్ళ దూరములో సగము దూరమున గీతలు తమంతట తామే పడును. అచ్చుదిమ్మె దొరికిన తరువాత చేతివ్రాత కష్టము తీరినట్లయినది. అదే యేట బెల్ ప్రయోగశాలలలో లెమేర్ బృందమువారు పోగును అధిక పీడనమున హైడ్రోజనులో నానబెట్టినచో గాజు ఎన్నో రెట్లు సులభముగా గీతలు పట్టునని చూపిరి. బట్టకు రంగు పట్టుటకు ముందు కరక్కాయ నీటిలో ముంచు మన అద్దకపు పనివారికి ఈ ఉపాయము క్రొత్తగా తోచదు.

ఇక ప్రయోజనములు. ఒక పోగులో ఒకే కాంతిని పంపు కాలము పోయి, స్వల్పభేదము గల అనేక కాంతులను, ఒక్కొక్కటి ఒక్కొక్క వార్తావాహినిగా, కలిపి పంపు పద్ధతి వచ్చినది. వాహినుల నడుమ ఎడము చాలచోట్ల 0.8 నానోమీటర్లు, కొన్నిచోట్ల అందులో సగము. దారిలో ఒక ఊరికి చెందిన వాహినిని దింపి, తక్కిన వానిని కదపకుండ సాగనంపవలెనన్న, ఆ ఒక్క కాంతికి తగిన జాలకమును పోగులో అతికించిన చాలును. రైలు ఆగకయే ఒక్క పెట్టె మాత్రము స్టేషనులో విడివడినట్లు జరుగును. పోగులో పోగుగా అతుకు పడుటయే దీని గొప్పతనము. కాంతిని గాజునుండి బయటికి తీసి కటకములకు, అద్దములకు అప్పగించి మరల గాజులో ఎక్కించు శ్రమయు నష్టమును తప్పినవి.

కాని ఢిల్లీ వంటి ఊరిలో ఒక చిక్కు గలదు. వేడికి గాజు వ్యాకోచించుట అత్యల్పమే. అయినను వక్రీభవన గుణకము హెచ్చుటచే జాలకము ఆపు కాంతి డిగ్రీకి ఇంచుమించు నానోమీటరులో నూరవ వంతు చొప్పున జరుగును. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీలు, జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున 45 డిగ్రీలు చూచు జనక్‌పురి వీధి ప్రక్కన ఇనుప పెట్టెలో దానిని ఊరక ఉంచినచో, సంవత్సరములో 0.4 నానోమీటర్లు అటునిటు తిరుగును. అనగా తన వాహినిని వదలి పొరుగు వాహినికి సగము దూరము పోవును. వాహినుల ఎడము 0.4 అయినచోట పూర్తిగా పొరుగింటి తలుపే తట్టును. దీనికి విరుగుడుగా జాలకమును కొంచెము లాగి, వేడికి ఆ లాగుడు సడలునట్టి పట్టులో బిగింతురు. వేడి కాంతిని ఒక ప్రక్కకు జరుపగా సడలిన బిగువు రెండవ ప్రక్కకు జరుపును, రెండును సరిపోవును. ప్రసారమున దోషమైన ఈ స్వభావమే కొలతలో గుణమైనది. జాలకమును వంతెనకో, కట్టకో, యంత్రమునకో అంటించి, అది ఆపు కాంతి ఎంత జరిగినదో చూచిన, వేడిమిని, ఒత్తిడిని, కంపనమును చెప్పవచ్చును. వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థ భౌతికశాస్త్ర శాఖలో ఈ దిశగా పరిశోధనలు జరిగినవి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోను జరిగినవి. ప్రయోగశాలలో పోగును వ్రేలితో తాకగానే తెరమీది శిఖరము ప్రక్కకు జరుగుట కన్నులార చూచినవాడు దానిని మరువడు.

దూరప్రసారములో జాలకములకు లభించిన గౌరవము ఎల్లచోట్ల ఒకే తీరున నిలువలేదు. మామూలు పోగులో నానోమీటరు భేదము గల రెండు కాంతులు కిలోమీటరు నడచునప్పటికి 17 పికోసెకండుల ఎడము పడును. 100 కిలోమీటర్లకు 1,700. సెకనుకు వేయి కోట్ల సంకేతములు పంపునప్పుడు ఒక్కొక్క సంకేతమునకు దొరకు కాలము 100 పికోసెకండులే గనుక, అవి వెడల్పై ఒకదానిమీద నొకటి పడి, తిరుణాళ్ళలో మాటలవలె కలగాపులగమగును. గీతల దూరము ఒక కొన నుండి రెండవ కొనకు క్రమముగా మారు జాలకమును 1987లో ఊలెట్ సూచించెను: ముందు వచ్చిన కాంతి లోపలికంట పోయి మరలవలెను, వెనుకబడిన కాంతి గుమ్మములోనే మరలవలెను, ఇద్దరును కలిసి బయటికి వత్తురు. పది సెంటీమీటర్ల పోగులో వేయి పికోసెకండుల దాక ఎడము సవరించు ఈ ఉపాయమును చదివినప్పుడెల్ల నాకు చేతులు జోడింపవలెననిపించును. అయితే నేటి గ్రాహక యంత్రములు వచ్చిన సంకేతమును అంకెలుగా మార్చి, ఆ చెదరుటను గణితముతోనే సరిచేయుచున్నవి. ప్రధాన మార్గములలో ఈ జాలకముల అవసరము తగ్గినది. అవి మరొక చోట పని చూచుకొన్నవి. అతిస్వల్ప కాలపు లేసరు తునకను నేరుగా పెంచిన దాని తీవ్రతకు పోగే పగులును. కనుక ముందు దానిని ఇట్టి జాలకముతో కాలములో సాగదీసి, పెంచి, పిదప కుదింతురు. 1985లో స్ట్రిక్‌లాండ్, మూరూలు చూపిన ఆ మార్గమునకు 2018లో నోబెల్ గౌరవము లభించినది.

లేసరుల విషయమున జాలకము అద్దమునకు మారుగా నిలిచినది. లేసరుకు కావలసినవి మూడు: కాంతిని పెంచు పదార్థము, దానికి బలమిచ్చు ఆధారము, కాంతిని ముందు వెనుకలకు త్రిప్పు రెండు అద్దములు. యిటర్బియము కలిపిన పోగుకు ఒక కొనను దాదాపు అంతయు మరల్చు జాలకమును, రెండవ కొనను నూటికి పది పాళ్ళు మాత్రమే మరల్చు జాలకమును అతికించి, చిన్న అర్ధవాహక లేసరుల కాంతిని లోనికి పంపిన, పోగే లేసరగును. సరిచేయవలసిన అద్దము లేదు, దుమ్ము పట్టు తలము లేదు, కుదుపుకు చెదరు కూర్పు లేదు. చుట్టచుట్టి పెట్టెలో పెట్టిన ఆ పోగు నుండి వచ్చు కిలోవాట్ల కాంతి ఉక్కు రేకులను కాగితమువలె కోయును. ఎర్బియము కలిపిన పోగుతో కాంతిని కాంతిగానే పెంచు యంత్రము 1987లో సౌతాంప్టన్‌లో పేన్ బృందమువారి చేత, బెల్ ప్రయోగశాలలలో దెసుర్విర్ చేత రూపొందినది. సముద్ర గర్భముననైనను నేల మీదనైనను సుదూర ప్రసారమంతయు దానిపై ఆధారపడి యున్నది. దానికి బలమిచ్చు 980 నానోమీటర్ల లేసరు వేడికి, విద్యుత్తుకు తన కాంతిని మార్చుకొనకుండ దాని తోకలో ఒక జాలకమును అతికింతురు. అది కొంచెము కాంతిని వెనుకకు పంపి శ్రుతి పెట్టెవలె దానిని ఒకే స్వరమున నిలుపును. ఆ యంత్రము అన్ని వాహినులను సమానముగా పెంచదు గనుక, హెచ్చిన వానిని తగ్గించుటకు 1996లో బెల్ ప్రయోగశాలలలో అశీష్ వెంగ్‌సర్కార్ మరియు సహచరులు దీర్ఘావృత్తి జాలకములను వినియోగించిరి. వీని గీతల దూరము నానోమీటర్లలో కాదు, మిల్లీమీటరులో అయిదవ, పదవ వంతులలో ఉండును. అవి కాంతిని వెనుకకు త్రిప్పవు, గర్భము నుండి ప్రక్కనున్న గాజులోనికి జార్చివేయును.

ఈ విద్యకు మా ఊరిలోనే ఒక నెలవు గలదు. జనక్‌పురి పశ్చిమ స్టేషనులో మెజెంటా లైను ఎక్కినచో డాబ్రీ మోడ్ దాటగానే దశరథపురి వచ్చును. వియ్యంకు లిద్దరి పేర్లును ఇంత దగ్గరగా వినబడుట నాకు ప్రతిపర్యాయము సంతోషము కలిగించును. పాలం, విమానాశ్రయము, వసంత విహార్, మునిర్కా దాటిన పిదప హౌజ్ ఖాస్‌కు ఒక్క స్టేషను ముందు దిగిన, ఐఐటీ. మా మేనకోడలివలె అటువైపు పోవు పిల్లలు ఈ రైలులో ప్రతిదినము కనిపింతురు. 1966లో అచట అధ్యాపకులుగా చేరిన అజయ్ ఘటక్, ఎం.ఎస్. సోధాతో కలిసి 1977లో విషమ మాధ్యమములలోని కాంతిమార్గములను గూర్చి గ్రంథము వ్రాసిరి. భారతదేశమున తొలి దృశా తంతు టెలిఫోను మార్గము పూనాలో నెలకొన్నది దానికి రెండేండ్ల తరువాత, 1979లో. అనగా నేలలో పోగు పడుటకు ముందే దాని గణితము హౌజ్ ఖాస్‌లో బోధింపబడుచుండినది. ఘటక్, కె. త్యాగరాజన్‌లు కలిసి వ్రాసి, 1998లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించిన తంతు విజ్ఞాన ప్రవేశిక లోకమంతట విద్యార్థుల బల్లలపై నున్నది. బి.పి. పాల్, అరుణ్ కుమార్ మొదలైనవారు ఆ శాఖలో తరతరాల శిష్యులను తయారుచేసిరి.

ఈ విద్యలో ఢిల్లీ చేసినది ముఖ్యముగా ఆలోచన, గణన, బోధన. పోగును లాగునది కలకత్తాలోని కేంద్రీయ గాజు మరియు పింగాణి పరిశోధనాలయము. అచట ఎర్బియము కలిపిన పోగులు తయారగుచున్నవి, ఢిల్లీలో రూపకల్పన చేసిన పోగులు కొన్ని అచటనే గాజుగా మారినవి. జాలకములను గీయుటకు ఇండోరులోని రాజా రామన్న కేంద్రమువారు తామే నిర్మించిన రాగి ఆవిరి లేసరు ఆకుపచ్చ కాంతిని సగము తరంగదైర్ఘ్యమునకు, 255 నానోమీటర్లకు, మార్చి వాడిరి. ఒక ఊరిలో లెక్క, ఒక ఊరిలో పోగు, ఒక ఊరిలో గీత: పరిశోధనకు ఇది చాలును గాని పరిశ్రమకు చాలదని నా నమ్మకము. ఆంధ్రదేశమున విద్యుత్ స్తంభముల వెంట పల్లెలకు వ్రేలాడుచు పోవుచున్న పోగులను, తెలంగాణలో గ్రామములకు భూమిలో పరచుచున్న పోగులను చూచినప్పుడు, వాని కొనలలో అమర్చు ఈ చిన్న వస్తువులు మన అచ్చుదిమ్మెలపై, మన ఊళ్ళలో, వేల సంఖ్యలో ముద్రితము కావలెనను కోరిక బలీయమగును. అందుకు కావలసిన మనుష్యులు ఆ మెజెంటా రైలులో కూర్చుండియే ఉన్నారు.

మా వీధి మాట చెప్పి విరమింతును. ఎక్స్ఛేంజి నుండి వచ్చిన ఒక్క పోగు వీధిలోని స్ప్లిటరు వద్ద ఎనిమిది, పదహారు, ముప్పదిరెండు ఇండ్లకు చీలిపోవును. ఎక్స్ఛేంజి నుండి ఓటీడీఆర్‌తో చూచిన, అన్ని శాఖల నుండి మరలిన కాంతులు కలిసిపోయి, ఏ ఇంటి తీగ బాగున్నదో ఏది తెగినదో తెలియదు. మా ఇంటికి మూడు పర్యాయములు వచ్చి వెళ్ళిన మనుష్యుల కష్టమిదియే. ప్రతి ఇంటి గుమ్మమున, వార్తలు మోయు 1,310, 1,490 నానోమీటర్ల కాంతులను పోనిచ్చి, పరీక్ష నిమిత్తము పంపు 1,650 నానోమీటర్ల కాంతిని మాత్రము వెనుకకు త్రిప్పు జాలకము ఒకటి ఉన్నచో, ఒక్కొక్క ఇల్లు తన దూరమున ఒక్కొక్క శిఖరముగా తెరమీద నిలుచును. శిఖరమున్న, గుమ్మము వరకు మార్గము క్షేమము, లోపము లోపలిది. లేకున్న, వెలుపల వెదకవలెను.

వారము తరువాత అతుకుల పెట్టెకు మూత బిగించుటకు ఆ యువకుడు మరల వచ్చినప్పుడు ఈ సంగతి అడిగితిని. అతడు సంచిలో చేయిపెట్టి సగము వ్రేలంత పొడవున్న, ఆకుపచ్చ మూతి గల ప్లగ్గు నొకదానిని తీసి, "మీరనేది ఇదేనా అంకుల్‌జీ? కొత్త ఫ్లాట్లకు పెడుతున్నాం, ఒకటి మిగిలింది" అనెను. మా గుమ్మము ప్రక్క పెట్టెలో దానిని తగిలించి, నన్ను వీధి మూలనున్న స్ప్లిటరు పెట్టె వద్దకు తీసికొనిపోయి, అక్కడ యంత్రమును కలిపెను. తెరమీద గీత కొంత దూరము చదునుగా సాగి, సరిగా మా ఇల్లున్న దూరము వద్ద ఒక్కసారిగా నిటారుగా లేచినది. అతడు దానిని వ్రేలితో చూపి, యంత్రము కట్టి, చేతులు తుడుచుకొని, స్ప్లిటరు పెట్టె తలుపునకు తాళము వేసెను.